తువ్వాలు కింద చెయ్యి

మా నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం ఉండేది. పక్కనే పెదనాన్నది స్టీలు సామాన్లు, ఎదురు వరసలో మేనమామది గాజులు. మాటలు సరిగ్గా రాకముందే నాకు బేరం వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అది పొగడ్తా, ఫిర్యాదా అన్నది చెప్పేవాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి. ఆటో దగ్గర బేరం, కొత్తిమీర కట్ట దగ్గర బేరం. నా పెళ్ళికి ముహూర్తం పెడుతున్న అయ్యగారిని "ఇంకో అరగంట ముందుకు జరపరాదా?" అని నేనే అడిగాను. ఇలాంటి మనిషి మనస్తత్వ నిపుణురాలైతే ఏం చేస్తుంది? జనం భయాలతో కూడా బేరం పెడుతుంది. నేను చాలా ఏళ్ళు అదే చేశాను. దానికి జీతం కూడా తీసుకున్నాను.

రిటైరయ్యాక, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు: "మేడం, యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అంటారు కదా, దాన్ని పేషెంటుకు తెలుగులో ఎలా చెప్పాలి?" పుస్తకం మాటైతే ఉంది, అంగీకార నిబద్ధత చికిత్స అని. ఆ మాట చెవిన పడగానే పేషెంటు లేచి చెప్పులు వెతుక్కుంటాడు. అందుకని పేరు పక్కన పెట్టి, ఆ చికిత్స నాకు నిజంగా ఒంటబట్టిన ఒక కేసు చెబుతాను. నేనూ నా పేషెంటూ కలిసి చేసిన ఒక తప్పు వల్ల అది ఒంటబట్టింది. మేమిద్దరం పుట్టు బేరగాళ్ళం కాకపోతే ఆ తప్పు జరిగేదే కాదు.

నేను పనిచేసింది ఎల్.బి. నగర్‌లో ఒక మోస్తరు ప్రైవేటు దవాఖానలో. నా గది ఎక్స్‌రే గదికి ఎదురుగా ఉండేది. ఎక్స్‌రేకి వచ్చినవాళ్ళు పొరపాటున నా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టేవాళ్ళు. మా విభాగమంతా కలిపి ముగ్గురం: సైకియాట్రిస్టు, నేను, రిసెప్షన్‌లో కూర్చునే ఆమె. డాక్టరుగారిది గుడివాడ వైపు. నెమ్మదస్తుడు, పుట్టి బుద్ధెరిగి బేరమాడని మనిషి. కూరగాయలవాడు ఎంత చెబితే అంత ఇచ్చి, పైగా "థాంక్సండీ" అనేవారు. ఆయనతో బజారుకు వెళ్ళడమంటే నాకు గుండెదడ. రిసెప్షన్ ఆమెది హయత్‌నగర్. మనిషి లోపలికి అడుగుపెట్టే తీరు చూసి రోగం చెప్పేది. చాలాసార్లు తప్పే చెప్పేది కానీ గట్టిగా చెప్పేది.

ఆ రోజు ఆమే ముందు నా గదిలోకి వచ్చింది.

"మేడం, ఒకాయన ఒచ్చిండు. ఫీజు ఎడమచేత్తోటి ఇచ్చిండు. పొద్దుగాల బోణీ, కుడిచేత్తోటి ఇయ్యుండ్రి అంటే మొకం ముడుసుకున్నడు. కుడిచెయ్యి జేబుల నుంచి తీస్తనే లేడు. ఏమో దాస్తున్నడు."

ఈసారి ఆమె చెప్పింది నిజమే. ఆయన దాస్తున్నది ఆ చెయ్యినే.

పండ్ల మార్కెట్‌లో కమిషన్ ఏజెంటు ఆయన. రైతులు తెచ్చిన సరుకును కొనేవాళ్ళకు అమ్మిపెట్టే పని. వయసు యాభై లోపే. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, బిగించిన దవడ. డాక్టరుగారు ఆయన కాగితాలన్నీ చూశాకే నా దగ్గరికి పంపారు.

"నరాల డాక్టరు చూశాడండీ, థైరాయిడ్ చూశాం, అన్నీ బావున్నాయి," అన్నారు నాతో. "ఇంట్లో సూదిలోకి దారం ఎక్కిస్తాడట. మార్కెట్‌లో అడుగుపెడితే మాత్రం చెయ్యి వణుకుతుంది, చెమటలు, గుండెదడ. మందులతో పని లేదు, ఇక మీరు చూసుకోండి."

చెయ్యి వణికితే ఏం మునిగింది అనిపించవచ్చు. కానీ ఈయన బతుకంతా ఆ చేతిలోనే ఉంది. ఆ మార్కెట్‌లో పాతకాపులు ఇప్పటికీ తువ్వాలు కిందే బేరమాడతారు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. నోటితో రేటు చెప్పరు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్ని వేళ్ళు కలిపి పట్టుకుంటే ఎంత అన్నది ఇద్దరికీ తెలుసు. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా లోపలి సంగతి ఎవరికీ తెలియదు. మొహంలో ఏమీ కనబడనివ్వకపోవడం అక్కడి విద్య. మొహాన్ని దాచవచ్చు కానీ, చెయ్యి ఎదుటివాడి గుప్పిట్లో ఉంటే ఏం దాస్తాం? చెమట పట్టినా వాడికి తెలుస్తుంది, వణికినా తెలుస్తుంది.

"రెండేండ్ల కింద, మేడం," అన్నాడాయన. "ఆ దినం మస్తు లోడ్లు దిగినయ్. ఒక షావుకారు చేతుల చెయ్యి వెట్టిన. ఒక్కపారిగ గుండె దడదడ గొట్టుకుంది. చెయ్యి ఒణుకుడు షురువైంది. ఆయన తువ్వాల పైకి లేపి అందరికి సూపిచ్చిండు. 'ఏందన్నా, ఎండాకాలంల చలి వెడ్తుందా?' అన్నడు. మార్కెట్ మార్కెటంత నవ్వింది."

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన తువ్వాలు కింద చెయ్యి పెట్టడమే మానేశాడు. తన బదులు బామ్మర్దిని పంపడం మొదలుపెట్టాడు.

నేను ముందు అందరూ చేసేదే చేశాను. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, భుజాలు సడలించడం నేర్పాను. భయానికి పదికి మార్కులు వేయమన్నాను. ఇవేవీ చెడ్డ పద్ధతులు కావు. మా ఇద్దరి చేతుల్లో పడి అవి ఏమయ్యాయో వినండి.

"ఇయ్యాల భయం ఎంత?"

"తొమ్మిది, మేడం."

"ఇంకా తొమ్మిదేంది? పోయిన వారం గూడ తొమ్మిదే చెప్పిన్రు. ఇన్ని దినాలు నేర్చుకున్నరు గదా, ఏడు అనుకుందామా?"

"ఏడంటే నాకు గిట్టుబాటు గాదు మేడం. ఎనిమిది."

"ఏడున్నర."

"సరే, మీ మొకం జూసి ఏడున్నర."

నేను కేస్ షీటులో రాసుకున్నాను: మెరుగుదల కనిపిస్తోంది.

ఆ ఏడున్నరను పట్టుకుని ఆయన మార్కెట్‌కు వెళ్ళి చెయ్యి పెట్టాడు. లోపల ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. అటువైపు కొనేవాడు వేళ్ళు పడుతున్నాడు. ఊపిరి లెక్కా వేళ్ళ లెక్కా కలగలిసిపోయి, ఒప్పుకోకూడని రేటుకు తల ఊపి వచ్చాడు.

"ఊపిరి మంచిగనే తీస్కున్న మేడం," అన్నాడు నా దగ్గరికొచ్చి. "బత్తాయిలే పోయినయ్."

అంతకు కొద్దికాలం ముందే నేను మొదట చెప్పిన ఆ అంగీకార చికిత్సలో శిక్షణకు వెళ్ళి వచ్చాను. దాని మొదటి మెట్టు నాకు వెంటనే నచ్చింది. ఏ దుకాణదారైనా చేసే పనే అది. ఇన్నాళ్ళూ ఏ ఉపాయం మీద ఏం పెట్టాం, తిరిగి ఏం వచ్చిందీ అని నిజాయితీగా చూసుకోవడం.

"ఒణుకు పోవాల్నని ఇప్పటిదాంక ఏమేం చేసిన్రు?" అని అడిగాను.

"తాయెత్తు కట్టిచ్చుకున్న. మణికట్టుకు గుడ్డ బిగించి కట్టిన. ఐసు ముక్కలు పట్టుకున్న. ఒకపారి పొద్దుగాల్నే పెగ్గేసుకొని పోయిన. అది వాసనొచ్చి ఉన్న ఇజ్జత్ గూడ పాయె. ఆఖరికి పోవుడే బంద్ జేసిన."

"పోవుడు బంద్ జేసినంక తగ్గిందా?"

"ఇంట్ల ఒణకదు."

"మార్కెట్ తోపాటు ఇంకేమేం బంద్ అయినయ్?"

ఆయన ఒక్కొక్కటే లెక్క చెప్పాడు. కుడిచెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

"చాయ్ కాడ దోస్తులు బంద్. దావతుల ఎవలన్న చెయ్యి కలుపుతరని, దావతులు బంద్. మొన్న మా బిడ్డ స్కూల్ల మీటింగు ఉండె. సంతకం వెట్టమంటరని దానికి గూడ పోలే."

వణుకును దూరంగా ఉంచడానికి ఆయన ఒక్కొక్క గదీ ఖాళీ చేస్తూ వచ్చాడు. చివరికి ఇల్లంతా భయానికి కిరాయికిచ్చి తను అరుగు మీద కూర్చున్నాడు. ఆ మాట అంటే నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు, ఎడమచేత్తో.

ఆ తర్వాతి మెట్టుకు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ పనికొచ్చింది. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, దుకాణాల ముందు పిలిచేవాళ్ళు మొదలవుతారు. రండి మేడం, రండి సార్, లోపల చూడండి, చూస్తే పైసల్లేవు. మా నాన్న దుకాణం ముందు కూడా ఒకాయన ఉండేవాడు, ఆయన గొంతు సైదాబాద్ దాకా వినబడేదని అనేవాళ్ళు. ఒక సాయంత్రం పేషెంటును అక్కడ నడిపించాను.

"ఈ అరుపులు మీరు బంద్ చేయిస్తరా?"

"నేనెట్ల జేయిస్త?"

"పిలిచిన ప్రతి దుకాణంలకు పోతరా?"

"పిచ్చోన్నా?"

"కొట్లాడ్తరా వాళ్ళతోని?"

"ఎందుకు? వాళ్ళ పని వాళ్ళు జేస్తున్నరు. ఇనుకుంట నడుస్త."

"మీ మనసు గూడ ఒకడిని నిలబెట్టుకుంది. ఇజ్జత్ పోతది, అందరు నవ్వుతరు, చెయ్యి వెట్టకు అని వాడు అరుస్తుంటడు. వాడిని బంద్ చేయించే పని లేదు. వాడి మాట ఇనాలన్న రూలు గూడ లేదు."

ఆయనకు ఎంత బాగా అందిందంటే, తర్వాతి వారం గదిలోకి వస్తూనే అన్నాడు: "మేడం, మావోడు ఇయ్యాల పొద్దు పొడవకముందే దుకాణం తెరిచిండు. ఒకటే లొల్లి." వస్తున్న ఆలోచనను ఆలోచనగా చూడడం అంటే ఇదే. పుస్తకాల్లో దానికి పెద్ద పేరుంది. ఆయనకు ఆ పేరుతో పని పడలేదు.

ఇంతవరకూ బాగుంది. దీన్ని చెడగొట్టింది నా పుట్టుక. కొనాలా వద్దా అని గిరాకి ఊగిసలాడుతుంటే, చీర మడత విప్పి "రంగు పోతే నన్నడుగమ్మా" అనడం మా ఇంటి రక్తంలో ఉంది. వణుకును ఆపొద్దు, రానివ్వండి అని ఆయనకు చెప్పాను. ఆయన "ఒణకనిస్తే నాకేమొస్తది మేడం?" అని అడగగానే నా నోరు దానంతటదే అనేసింది: "మీరు దానితోని కొట్లాడుడు బంద్ జెయ్యుండ్రి. అదే పోతది. నాది జిమ్మేదారి."

ఆయన అక్కడికక్కడే ఖాయం చేసుకుని వెళ్ళాడు. కొన్నాళ్ళకు వచ్చాడు, మండిపోతూ.

"నేను నా మాట మీదున్న మేడం. రోజు పొద్దుగాల కండ్లు మూసుకొని, 'రా, ఒణుకూ, ఒచ్చి కూసో, నేనేమన' అన్న. ఇంతకన్న మర్యాద అల్లుడికి గూడ జెయ్యరు. అట్లనే మార్కెట్ గేటు దాంక పోయిన. ఇగ పోతది, ఇగ పోతది అని సూస్తున్న. పోలే! ఇంకింత ఎక్కువైంది. గిదేం సరుకమ్మిన్రు నాకు?"

గొంతు బయటికి వినబడిందేమో, రిసెప్షన్ ఆమె తలుపు తీసి తల లోపల పెట్టింది. "మేడం, వాపస్ తీస్కోమంటున్నడా?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన పులిహోరలో పల్లీలు ఒక పక్కకు ఏరుకుంటూ విన్నారు.

"మీరు బేరం పెట్టేశారండీ," అన్నారు తాపీగా. "నేను నిన్ను రానిస్తాను, బదులుగా నువ్వు వెళ్ళిపో అని. అది రానివ్వడం ఎలా అవుతుంది? ఆయన కూర్చోమంటూనే గుమ్మం వైపు చూస్తున్నాడు, ఎప్పుడు లేస్తుందా అని. అలాంటి ఇంట్లో మీరైనా కూర్చోగలరా?"

జీవితంలో ఒక్క వంకాయ మీద కూడా బేరమాడని మనిషి నాకు బేరం గురించి చెప్పడం! ఆ పూట అన్నం సయించలేదు. కానీ ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం.

పిల్లలూ, మీరు జారిపడబోయేది కూడా ఇక్కడే. అంగీకారం అన్నది భయాన్ని తరిమే కొత్త ఉపాయం కాదు. చేతులెత్తేయడమూ కాదు. భయం తగ్గితే తగ్గుతుంది, లేకపోతే లేదు. చాలామందికి కాలక్రమంలో తగ్గుతుంది కూడా. కానీ తగ్గుతుందని ముందే మాట ఇచ్చి అమ్మామా, పేషెంటు పొద్దస్తమానం దాన్నే తూకం వేస్తూ కూర్చుంటాడు. తూకం వేసేకొద్దీ అది బరువెక్కుతుంది. మనం అడగాల్సింది వేరే ఉంది. ఇది నీతో ఉన్నా సరే, నువ్వు వెళ్ళాల్సిన చోటు ఏదైనా ఉందా? ఆ చోటు లేకపోతే భయాన్ని మొయ్యమని ఎవరినీ అడగకూడదు. ఊరికే బరువు మోయించడం వైద్యం కాదు.

మళ్ళీ వచ్చినప్పుడు నేనే ముందు చెప్పాను.

"ఒణుకు పోతదని నేను చెప్పిన మాట వాపస్ తీస్కుంటున్న. అది నా చేతుల లేదు. మీ చేతుల గూడ లేదు."

"మరి ఇంకెందుకు రావాలె మీ కాడికి?"

"అది మీరే చెప్పాలె. ఒణుకు పోకున్నా సరే, తువ్వాల కింద చెయ్యి వెట్టాల్సినంత అవసరం ఏమన్న ఉందా మీకు? లేకుంటే ఒదిలెయ్యుండ్రి. బామ్మర్ది చూస్కుంటడు. మీరు ఇంకో దందా వెట్టుకోండి. అండ్ల తప్పేం లేదు."

ఇందులో ఎత్తుగడ ఏమీ లేదు, మనసారా అన్నాను. ఆయన వదిలేస్తానని ఉంటే సాయం చేసి ఉండేదాన్ని. ఆయన కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు చూశాడు.

"అవ్వ ఉంది మేడం," అన్నాడు.

చౌటుప్పల్ అవతలి నుంచి బత్తాయిలు తెచ్చే ముసలామె. తోట తనే చూసుకుంటుంది, లోడుతోపాటు మార్కెట్‌కు తనే వస్తుంది. కానీ తువ్వాలు కింద ఆడవాళ్ళ చెయ్యి ఉండదు. ఆ మగాళ్ళు ఒప్పుకోరు.

"నోటితోటైతే ఆమె ఎవలినన్న గెలుస్తది మేడం. కని తువ్వాల పడ్డంక లోపలేమైతుందో ఆమెకు దెల్వదు. మా నాయిన ఉన్నప్పటి సంది ఆమె చెయ్యంటే మా చెయ్యే. మా బామ్మర్ది చెడ్డోడు గాదు, కని వానికి తొందర. జల్ది బేరం తెంపుకొని ఇంకో కుప్ప కాడికి పోవాలె. అవ్వకు తెలుస్తనే ఉంది. 'కొడకా, నువ్వెందుకొస్త లేవు?' అంటది. 'పనుందవ్వా' అంట. మొన్న ఫోన్ జేసి, ఈ లోడుకు నువ్వు రాకుంటే వేరేటోల్ల కాడ దింపుకుంట అన్నది. తిట్టినా మంచిగుండు. తిట్టలే."

మా నాన్న నన్ను కౌంటర్ మీద కూర్చోబెట్టాడు, గిరాకితో ఎంతైనా మాట్లాడనిచ్చాడు. టోకు బజారులో పెద్దవాళ్ళు తువ్వాలు తీసినప్పుడు మాత్రం "నువ్వు బండి దగ్గర ఉండమ్మా" అనేవాడు. అందుకని ఆ అవ్వ సంగతి నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఇక సాధన. నేను చెయ్యి చాపితే ఆయన దండం పెట్టాడు. "తప్పు మేడం, మీతోని ఎట్ల?" రిసెప్షన్ ఆమె తలుపు దగ్గరి నుంచే "నన్నైతే అడగకుండ్రి" అంది. మిగిలింది డాక్టరుగారు. వేళ్ళ లెక్కలన్నీ శ్రద్ధగా నేర్చుకుని వచ్చి కూర్చున్నారు. చేతుల మీద తువ్వాలు కప్పాను.

ఈసారి ఊపిరి లెక్క లేదు, మార్కుల్లేవు. "మనసు అరుస్తది. అరిచిందని గుర్తువట్టుండ్రి. గుర్తువట్టి, సార్ వేళ్ళ మీదికి రండి. వేడిగున్నయా, చల్లగున్నయా, ఏ వేలు కదులుతుంది? ఒణుకును ఆపకుండ్రి, దాసిపెట్టకుండ్రి. దాని పక్కన్నే మీ పని మీరు జెయ్యుండ్రి." తువ్వాలు అంచు గాలి లేకుండానే కదులుతూ ఉంది. మొదటిసారి ఆయన వెంటనే చెయ్యి లాగేసుకున్నాడు. తర్వాత కాస్త ఆగాడు. వారాలు గడిచేకొద్దీ ఆగడం పెరిగింది. వణుకు మాత్రం ఎంత ఉందో అంతే ఉంది.

ఒకనాడు డాక్టరుగారు తువ్వాలు తీసి అయోమయంగా చూశారు. "నేనేదో కొన్నట్టున్నానండీ."

"లారెడు బత్తాయిలు సార్," అన్నాడు పేషెంటు గంభీరంగా. "బండి కిందున్నది. దింపాల్నా?"

డాక్టరుగారు లేచి కిటికీలోంచి కిందికి చూశారు. పేషెంటు నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

అవ్వ లోడు వచ్చే రోజు నేనూ మార్కెట్‌కు వెళ్ళాను. ఏమీ మాట్లాడకుండా దూరంగా నిలబడాలని ముందే అనుకున్నాం. తెల్లవారేసరికే లారీలు, ట్రాలీలు, గడ్డి, ఎటు చూసినా పండ్ల కుప్పలు. చాయ్ బండి పక్కన నిలబడ్డాను. నోరు ఊరుకోక, పక్కన బొప్పాయిలాయనను రేటు అడిగాను. ఆయన చెప్పాడు. "అంతనా!" అన్నాను. ఎందుకు వచ్చానో అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అవ్వ తన కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ఆయన్ని చూసి "ఒచ్చినవా కొడకా" అని మాత్రం అంది. బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు.

"బావా, నువ్వు పక్కకుండు. రెండు నిమిషాలల్ల నేను తెంపేస్త."

"నువ్వు ఆ ట్రాలీ దింపియ్యి పో," అన్నాడాయన.

కొనడానికి వచ్చింది ఆనాడు నవ్వించిన షావుకారే. చెయ్యి చాపాడు. ఈయన కుడిచెయ్యి జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు. తువ్వాలు పడింది. ఒక్క క్షణం తర్వాత షావుకారు అందరికీ వినబడేలా అన్నాడు:

"ఏందన్నా, ఇంకా తగ్గలేదా చలి?"

"తగ్గలే," అన్నాడీయన. గొంతు కూడా వణికింది. "ఒణుకుతది. బత్తాయిలు గావాల్నా, నా చెయ్యి గావాల్నా నీకు? రేటు జెప్పు."

చుట్టూ నవ్వారు. ఈసారి షావుకారును చూసి నవ్వారు. నేను ఎగిరి గంతేయబోయాను. కానీ మనుషుల్లో మార్పు అంత సాఫీగా జరగదు. వేళ్ళ బేరం మొదలైన కాసేపటికే ఈయన మొహం పాలిపోయింది. చటుక్కున చెయ్యి లాగేసుకుని, తువ్వాలు భుజం మీద పడేసుకుని, నేరుగా నా వైపు నడిచి వచ్చేశాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"నాతోని గాదు మేడం. ఇంటికి పోత."

నాకు నోటిదాకా వచ్చింది: ఏం కాదు, తగ్గిపోతుంది. మింగేశాను.

"పోవచ్చు. ఎవలు ఆపరు. ఇప్పుడు భయం ఎక్కడున్నది?"

"గొంతుల. ఛాతిల. అంతట."

"అది ఇంటికి గూడ మీతోనే ఒస్తది. ఎటు తీస్కపోతరో మీ ఇష్టం."

ఆయన అక్కడే నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి షావుకారు అరిచాడు: "అరే అన్నా, గంత కోపమైతే ఎట్ల! రా, ఇంకో మాట జెప్త!"

ఆయన భయంతో పారిపోవడాన్ని షావుకారు బేరంలో ఎత్తు అనుకున్నాడు! బేరంలో అన్నిటికంటే పెద్ద ఎత్తు లేచి వెళ్ళిపోవడమే. నేను జీవితమంతా సాధన చేసినా ఇంత సహజంగా ఎప్పుడూ లేచి వెళ్ళలేకపోయాను. బామ్మర్ది కూడా రొప్పుతూ వచ్చాడు.

"బావా, పెంచుతుండు! నువ్వు ఇంటికి పో, ఇగ నేను చూస్కుంట!"

పరువు దక్కింది, రేటూ పెరుగుతోంది. మర్యాదగా ఇంటికి వెళ్ళిపోవడానికి ఇంతకంటే మంచి దారి ఎవరికీ దొరకదు. ఆయన బామ్మర్దిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసుకుని వెనక్కి నడిచాడు.

ఈసారి చాలాసేపు పట్టింది. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, అవ్వకూ తెలియదు. తువ్వాలు మాత్రం అందరికీ కనబడేలా ఊగుతూనే ఉంది. షావుకారు రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. ఈయన చెయ్యి తియ్యలేదు. చివరికి ఇద్దరూ తల నిలువుగా ఊపారు.

"అయిందా కొడకా?" అంది అవ్వ.

"అయిందవ్వా."

ఆమె సంచి దులుపుకుని ట్రాలీ వైపు వెళ్ళింది. ఆయన చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. గ్లాసు పట్టుకుంటే చాయ్ తొణికి వేళ్ళ మీద పడింది. తుడుచుకోలేదు.

"మంచి రేటేనా?" అన్నాను. అడగకుండా ఉండడం నావల్ల కాదు.

"మంచిదే. మస్తు గాదు. నిజం జెప్పాల్నా మేడం? షావుకారు పెంచింది నేను ఉరికినంక. తిరిగొచ్చి నేను పెంచింది కొంచెమే."

"మరి బామ్మర్ది చూస్కుంటనన్నడు గదా. ఎందుకు తిరిగిపోయిన్రు?"

ఆయన కుప్ప ఉన్న చోటు వైపు చూశాడు. అప్పటికే కూలీలు బత్తాయిలను ఎత్తుతున్నారు.

"నేను ఇటొచ్చి ఎనక్కి సూస్తే అవ్వ లేశి నిలవడ్డది మేడం. షావుకారు దిక్కు సూస్తలేదు. నా దిక్కు సూస్తుంది. ఇంటికాడ కూసుంటే అది కనవడదు గదా నాకు. గీడ కనవడ్డది."

అవతల ఇంకో లోడు దిగింది. ఎవరో ఆయన్ని కేకేశారు. ఆయన సగం చాయ్ అక్కడే పెట్టేసి, తువ్వాలు చేతిలోకి తీసుకుని, వణుకుతున్న చేతితోనే జనాన్ని పక్కకు జరుపుకుంటూ లోపలికి వెళ్ళాడు.